అత్తగారి భుజం పట్టేసింది, నూనె మర్దన చేయించమంటారా?

పొందూరు కోడలు | నవంబరు 9, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా అత్తగారికి 63 ఏళ్ళు. పెళ్ళయి పొందూరు వచ్చిన నాటి నుంచి మొన్నమొన్నటి దాకా రాట్నం ముందు కూర్చున్న మనిషి. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, నూలు వడకడం, ఆ మధ్యలోనే వంటా పిల్లలూ. నాలుగు నెలలుగా కుడి భుజం పట్టేసింది. జడ అల్లుకోలేరు, అటక మీద డబ్బా అందుకోలేరు, రవిక తొడుక్కోవాలంటే నన్ను పిలవాలి. ఆ పిలవడానికి ఆవిడ ఎంత ఇబ్బంది పడతారో నాకు తెలుసు. రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే లేచి కూర్చుంటారు.

మధుమేహం పన్నెండేళ్ళుగా ఉంది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఎముకలో తేడా ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రలు రాసి ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు. రెండు రోజులు వెళ్ళి, నొప్పి ఇంకా పెరిగిందని మానేశారు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక మసాజ్ కేంద్రం వాళ్ళు 21 రోజుల ప్యాకేజీ, 38 వేలు అంటున్నారు. "నరాల్లో గాలి చేరింది, నూనెతో బయటికి లాగేస్తాం" అని చెప్పారు. మా వారికి ససేమిరా నమ్మకం లేదు. ఆడపడుచుకు బోలెడంత నమ్మకం. మధ్యలో నేను. తెలిసినవారు చెప్పండి.

గంటస్తంభం | నవంబరు 9, రాత్రి 9.32

నరాల్లో నిజంగా గాలి చేరితే 21 రోజులు ఆగే పని ఉండదు తల్లీ, 21 నిమిషాలు కూడా ఆగరు. ఆ 38 వేలకు ఎన్ని డబ్బాల నువ్వుల నూనె వస్తుందో ఒకసారి లెక్క వేసుకోండి.

నాగావళి గట్టు | నవంబరు 10, ఉదయం 6.15

నేను విశ్రాంత ఆయుర్వేద వైద్యుణ్ణి. గంటస్తంభం గారి ఎగతాళి ఆ కేంద్రం మాటకు తగినదే. కానీ ఆ మాట ఆయుర్వేదానిది కాదు. వాతం అంటే కడుపులో గ్యాసు, నరాల్లో గాలి అని చెప్పేవాళ్ళను నా నలభై ఏళ్ళ వృత్తిలో చాలామందిని చూశాను. కదలికకూ స్పర్శకూ సంబంధించిన పనులన్నిటికీ శాస్త్రం పెట్టిన పేరు వాతం. దాన్ని సిరంజితో లాగలేం.

చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయంలో అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, గురించి చెబుతూ చరకుడు మూడు పోలికలు తెస్తాడు. నూనె పట్టించిన కుండ, నూనె పట్టించిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు. ఇవి మూడూ ఎలా రాపిడికి ఓర్చుకుంటాయో ఒళ్ళూ అలా ఓర్చుకుంటుందని. మన పల్లెల్లో బండి తోలిన వాడెవడికైనా ఇరుసు సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాగ్భటుడు అష్టాంగ హృదయం రెండో అధ్యాయంలో రోజూ అభ్యంగం చేసుకోమన్నాడు, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకించి. ఆ వెంటనే ఎవరు చేసుకోకూడదో కూడా చెప్పాడు. కఫం ముదిరినవాళ్ళు, అజీర్ణంతో ఉన్నవాళ్ళు, అప్పుడే వాంతి, విరేచనం లాంటి శోధన చికిత్స అయినవాళ్ళు. కేంద్రాల కరపత్రాలలో మొదటి వాక్యం ఉంటుంది, రెండోది ఉండదు.

మీ అత్తగారి లక్షణాలకు దగ్గరగా ఉన్నదాన్ని మా శాస్త్రంలో అవబాహుకం అంటారు. అభ్యంగం, స్వేదం అంటే కాపడం, ముక్కు ద్వారా వేసే నస్యం, నూనెలో తడిపిన దూది పట్టీని భుజం మీద ఉంచే పిచు, ఇవన్నీ ఉన్నాయి. పిచు అంటే దూదే. పొందూరు వాళ్ళకు దూది సంగతి నేను చెప్పడమేమిటి! అయితే నస్యం ఇంట్లో చేసేది కాదు, ఎవరో ఫోనులో చెప్పగా విని చేసేది అంతకన్నా కాదు. ముందు ఆ కేంద్రంలో పరీక్షించేది ఎవరో అడగండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు చదివి రిజిస్ట్రేషన్ ఉన్న బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) వైద్యులు నాడి, చక్కెర, రక్తపోటు చూశాకే నూనె సీసా మూత తీయాలి. చూడకుండానే 21 రోజులని రేటు చెప్పారంటే అది వైద్యం కాదు, పెళ్ళి భోజనాల కాంట్రాక్టు.

కీలు బొమ్మ | నవంబరు 10, ఉదయం 10.48

విజయనగరంలో ఫిజియోథెరపిస్టును. పేరు చూసి నవ్వకండి, మా వృత్తే కీళ్ళతో.

చక్కెర ఉన్నవాళ్ళలో ఇది మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. భుజం కీలు చుట్టూ ఉన్న పొర వాచి, తర్వాత మందమై బిగుసుకుపోతుంది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. ఒక చిన్న పరీక్ష చేయండి. ఆవిడ మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని బయటి వైపు తిప్పమనండి. తనంతట తాను తిప్పలేకపోవడమే కాదు, మీరు మెల్లగా తిప్పబోయినా ఒకచోట తలుపు గడియ పడినట్లు ఆగిపోతే, చాలావరకు ఇదే. పేరు ఖాయం చేయడం మాత్రం డాక్టరు గారి పని.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆపైన మెల్లగా వదలడం. అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్ళు. మీ అత్తగారికి రాత్రి నొప్పి ఉంది కనుక ఇంకా మొదటి దశలో ఉన్నట్లుంది. ఈ దశలో బలవంతంగా చేయి పైకెత్తించడం తప్పు. అక్కడ అలా జరిగి ఉంటే ఆవిడ మానేయడం న్యాయమే. మావాళ్ళలో కూడా తొందరపాటువాళ్ళు ఉన్నారు, ఒప్పుకుంటాను.

మర్దన సంగతికి వస్తాను. మర్దనతో కీలు పొర సాగిపోదు. చుట్టూ ఉన్న కండరాలు నొప్పికి భయపడి బిర్రుగా పట్టుకుని ఉంటాయి చూడండి, ఆ పట్టు సడలుతుంది. సడలిన ఆ అరగంటలో వ్యాయామం చేయిస్తే చేయి కొంచెం ఎక్కువ కదులుతుంది. నేనైతే నూనె, కాపడం, ఆ వెంటనే వ్యాయామం, ఈ వరసలో పెడతాను. ఒట్టి మర్దనతో ఆపేస్తే సాయంత్రానికి మళ్ళీ మొదటికి వస్తుంది.

నడుము నొప్పి మీద అమెరికాలో 401 మందితో జరిగిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. నొప్పి ఉన్న కండరాన్ని వెతికి పట్టి చేసే నిపుణుల మర్దన ఒక జట్టుకు, ఒట్టి హాయినిచ్చే మామూలు మర్దన ఇంకో జట్టుకు, మూడో జట్టుకు ఎప్పటి వైద్యమే. పది వారాల తర్వాత చూస్తే మర్దన జట్లు రెండూ మూడో జట్టుకన్నా మెరుగ్గా ఉన్నాయి. విశేషం ఏమిటంటే ఆ రెండింటి మధ్య పెద్ద తేడా లేదు. ఏడాది తిరిగేసరికి లాభం కూడా బాగా పలచబడింది. ఇది నడుము సంగతి, భుజానికి యథాతథంగా అంటగట్టను. కానీ రహస్య నరాలు తెలుసు, మర్మ స్థానాలు మాకే తెలుసు అని వేలకు వేలు అడిగేవాళ్ళను చూసినప్పుడు నాకు ఇదే గుర్తుకొస్తుంది.

కవిటి కొబ్బరితోట | నవంబరు 10, మధ్యాహ్నం 1.20

అక్కా, ఒక్క మాట. ఆవిడ నొప్పి మాత్రలు ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారు? మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఎటు చూసినా కిడ్నీ జబ్బు ఇళ్ళే. దానికి అసలు కారణం ఇదీ అని నేను చెప్పలేను. కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు ఎంత చేటో మా నాన్నను చూసి తెలుసుకున్నాను. కొబ్బరితోటలో రోజంతా పని, రాత్రికి నడుము నొప్పి, మందుల కొట్లో అడిగి ఒక మాత్ర. ఏళ్ళ తరబడి అలాగే. డాక్టరు గారు ఆపేయమన్నాక నాన్నకు మిగిలింది అమ్మ పెట్టే వేడినీళ్ళ కాపడమూ, నూనె రాసే చేయీ. అవి జబ్బు తగ్గిస్తాయని కాదు. మాత్ర లేకుండా నిద్రపోవాలి కదా. పన్నెండేళ్ళ చక్కెర అంటున్నారు కనుక కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

పొందూరు కోడలు | నవంబరు 10, రాత్రి 8.55

నాలుగు నెలలుగా రోజుకు రెండు. నాకు ఒళ్ళు జలదరించింది. రేపే పరీక్ష చేయిస్తాను తమ్ముడూ.

శాంతి కిరణం | నవంబరు 10, రాత్రి 10.05

స్పర్శలో ప్రాణశక్తి ఉంటుంది. సంస్కృతంలో స్నేహం అంటే నూనె, స్నేహం అంటే ప్రేమ. నేను రేకీ నేర్చుకున్నాను. 1922లో జపానులో ఉసుయి గారు ప్రారంభించిన పద్ధతి. ముట్టుకోనక్కర కూడా లేదు. ఫోటో పంపితే దూరం నుంచే శక్తి ప్రసారం చేస్తాను, ఉచితంగానే.

గంటస్తంభం | నవంబరు 10, రాత్రి 10.21

స్నేహం అంటే నూనె, ప్రేమ అన్న వాక్యం ఆ కేంద్రం గోడ మీద కూడా రాసి ఉంటుంది. కింద ధరల పట్టిక ఉంటుంది.

శక్తి ప్రసారం సంగతి. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ళ అమ్మాయి బడి ప్రాజెక్టుగా ఒక పరీక్ష పెట్టింది. రోగిని ముట్టకుండా చేతులతో శక్తిక్షేత్రాన్ని సవరిస్తామనే 21 మందిని కూర్చోబెట్టింది. అది రేకీ కాదు, థెరప్యూటిక్ టచ్ అంటారు. రేకీకి తోబుట్టువు అనుకోండి. అడ్డంగా అట్ట పెట్టి, వాళ్ళు అందులోంచి రెండు చేతులూ ఇవతలికి చాపితే, తన చేతిని ఏదో ఒక చేతికి పైన ఉంచి, ఏ చేతికి శక్తి తగిలిందో చెప్పమంది. 280 సార్లలో 123 సార్లు సరిగ్గా చెప్పారు. అంటే నూటికి 44. బొమ్మాబొరుసూ వేసినా సగం వచ్చేది. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలోనే అచ్చయింది.

మీరు డబ్బు అడగలేదు, అది మీ మంచితనం. కానీ ఆవిడ భుజానికి ఫోటో చాలదు.

పసిగుడ్డు | నవంబరు 11, ఉదయం 7.40

నేను నవజాత శిశువుల విభాగంలో నర్సును. గంటస్తంభం గారూ, ముట్టకుండా నయం చేయడం వేరు, ముట్టుకోవడం వేరు. మొదటిదాన్ని కొట్టేసే ఊపులో రెండోదాన్ని కూడా పారేయకండి.

వెంట్రుకలున్న చర్మంలో నెమ్మదిగా కబురు మోసే ఒక రకం సన్నని నాడీ తంతువులు ఉన్నాయి. గుచ్చితేనో గిల్లితేనో కాదు, మెల్లగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చేత్తో. బిడ్డను జోకొట్టే తల్లి ఎవరూ చెప్పకుండానే దాదాపు ఆ వేగంతో నిమురుతుంది. 2021 నోబెల్ వైద్య బహుమతి వేడినీ స్పర్శనూ పట్టే గ్రాహకాలను కనిపెట్టినందుకే ఇచ్చారు. వాళ్ళలో ఒకాయన దారి పట్టింది మిరపకాయ ఘాటును వెంబడించి.

మా విభాగంలో బరువు తక్కువ పిల్లలను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కట్టేస్తాం, కంగారూ సంరక్షణ అని. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి. మన దేశంతో సహా అయిదు దేశాలలో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే ఇలా ఉంచితే మరణాలు పాతిక శాతం తగ్గాయి. దీన్ని ఏ శక్తి అంటారో నాకు తెలియదు. నాకు కనిపించేది తల్లి చర్మం, వెచ్చదనం, పాలు, ఊపిరి.

బొబ్బిలి అమ్మాయి | నవంబరు 11, ఉదయం 9.02

పసిగుడ్డు గారూ, విషయం మారుస్తున్నందుకు క్షమించండి. నాకు రెండు నెలల బాబు. నూనె పెట్టి నీళ్ళు పోసే పెద్దమ్మ రోజూ వస్తుంది. కాళ్ళు చాపి, వాటి మీద బాబును పడుకోబెట్టి, తల గుండ్రంగా రావాలని నొక్కుతుంది, ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేస్తుంది. బాబు తర్వాత మూడు గంటలు హాయిగా పడుకుంటాడు కనుక అత్తయ్య ఒక్క మాట అననివ్వరు.

పసిగుడ్డు | నవంబరు 11, ఉదయం 11.30

ఒళ్ళంతా రాయడం మంచిదే, ఆ నిద్ర దాని పుణ్యమే. ముక్కులో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. చెవిలో కూడా వద్దు. తల ఎముకలు ఇంకా కలవలేదు, నొక్కి గుండ్రం చేసే పని వద్దు. కొబ్బరినూనె గానీ నువ్వుల నూనె గానీ గోరువెచ్చగా రాయండి, ఆవనూనె లేత చర్మాన్ని మండిస్తుంది. నెలలు నిండని పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని బంగ్లాదేశ్ అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. ఆ పెద్దమ్మతో గొడవ పడకండి. "డాక్టరు గారు తిట్టారు" అని నా మీద వేసేయండి.

నిర్వాహకుడు | నవంబరు 11, మధ్యాహ్నం 12.10

పసిపిల్లల సంగతికి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ భుజం దాకానే ఉందాం.

తాలింఖానా తాత | నవంబరు 11, సాయంత్రం 5.45

భుజం దాకానే ఉంటాను బాబూ. నేను చిన్నప్పుడు విజయనగరంలో తాలింఖానాకు, అంటే సాము చేసే వ్యాయామశాలకు, వెళ్ళేవాణ్ణి. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెప్పి మా గురువు గారు దండాలు తీయించేవారు. సాము అయ్యాక ఒకరికొకరం మాలీషు చేసుకునేవాళ్ళం. నూనె రాసేటప్పుడు మాట్లాడకూడదని ఆయన నియమం. చేతికి ఎక్కడ గట్టిగా తగులుతుందో వినమనేవారు. చేత్తో వినడం అన్న మాట అప్పుడు నవ్వొచ్చేది.

ఒక హెచ్చరిక. క్షౌరశాలలో తల మాలీషు చేసి, చివర్లో మెడను ఠక్కున విరిచేవాళ్ళు ఉంటారు. దానికి ఎప్పుడూ ఒప్పుకోవద్దు. నాతో సాము చేసిన వాడొకడు ఆ ఠక్కుతో ఆరు నెలలు చేయి తిమ్మిరితో తిరిగాడు.

కీలు బొమ్మ | నవంబరు 11, రాత్రి 7.15

తాత గారికి దండం. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు ఎముకల మధ్య నుంచే వెళ్తాయి. ఆ విరుపుకు వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం దాకా వెళ్ళవచ్చు.

ఇంకొకటి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే, అందులోనూ ఆపరేషను అయినవాళ్ళు, చాలా రోజులు మంచాన ఉన్నవాళ్ళు అయితే, ఎవరినీ చేయి వేయనివ్వకండి. లోపల రక్తం గడ్డ ఉండవచ్చు, పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

వంశధార వరద | నవంబరు 11, రాత్రి 9.50

చక్కెర ఉన్నవాళ్ళకు కాపడం దగ్గర కూడా జాగ్రత్త. మా నాన్నగారిని ఒక కేంద్రానికి తీసుకెళ్ళాం, పేరు వద్దు. ఆకుల మూట నూనెలో వేడి చేసి పాదాలకు అద్దారు. "కాలుతోందా?" అని అడిగితే ఆయన "లేదు, హాయిగా ఉంది" అన్నారు. పాదాలకు స్పర్శ పోయిందని మాకూ తెలియదు, వాళ్ళూ చూడలేదు. మర్నాటికి బొబ్బలు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ హాయి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

నాగావళి గట్టు | నవంబరు 12, ఉదయం 6.05

వరద గారూ, ఇది చదివి బాధ కలిగింది. మూటను ముందు చేసేవాడు తన ముంజేతి లోపలి వైపు అద్దుకుని చూడాలి. రోగి చెప్పే మాట రెండోది.

అమ్మా, ఇంట్లో చేసుకునేందుకు ఇది చాలు. నువ్వుల నూనె తీసుకోండి. తిలల నుంచి వచ్చింది తైలం, నువ్వుల నెయ్యి నూనె అయింది. సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ పేరు దానిదే, మిగతావన్నీ దాని పేరు పెట్టుకున్నవే. గానుగలో ఆడించింది దొరికితే మేలు. కొట్లో అడిగేటప్పుడు గానుగ అనండి, కానుగ అంటే వేరే నూనె ఇస్తారు. గిన్నెను వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చన చేయాలి, నేరుగా పొయ్యి మీద వద్దు. కీలు మీద గుండ్రంగా, చేయి పొడవునా నిలువుగా. సుశ్రుతానికి వ్యాఖ్య రాసిన డల్హణుడు నూనె రోమకూపాలకు చేరడానికి 300 మాత్రల కాలం, చర్మానికి 400, అలా మజ్జకు 900 మాత్రలు పడుతుందని లెక్క ఇచ్చాడు. మాత్ర అంటే దాదాపు రెప్పపాటు. అంతా కలిపి అయిదు నిమిషాల లోపే. సూక్ష్మదర్శినిలో చూసి చెప్పిన లెక్కగా దాన్ని నేను తీసుకోను. ఒకచోట అయిదు నిమిషాలైనా చేయి నిలపమన్న మాటగా తీసుకుంటాను. మహానారాయణ తైలం, క్షీరబల తైలం లాంటివి వైద్యులు చూసి ఇస్తే వాడండి.

పొందూరు కోడలు | నవంబరు 26, రాత్రి 9.30

ఆలస్యానికి క్షమించండి. క్రియాటినిన్ హద్దులోనే ఉంది, కొంచెం అంచున. డాక్టరు గారు మాత్రలు మార్చి, తప్పనప్పుడే వేసుకోమన్నారు. చక్కెర బాగా ఎక్కువగా ఉంది, దానికీ మందు మార్చారు. ఫ్రోజెన్ షోల్డర్ అని ఖాయం చేశారు. ప్యాకేజీ వద్దనుకున్నాం. మా ఆడపడుచు నాలుగు రోజులు మాట్లాడలేదు.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. అత్తగారు నన్ను ముట్టుకోనివ్వలేదు. "కోడలి చేత ఒళ్ళు పట్టించుకునేంత రోగిష్టిదాన్నా?" అన్నారు. వాళ్ళ అత్తగారికి, మామగారికి చివరిదాకా కాళ్ళు పట్టింది ఈవిడే. తన ఒంటి మీద ఇంకొకరి చేయి పడి ఎన్నేళ్ళయిందో! చివరికి జడ నెపంతో మొదలుపెట్టాను. తలకు నూనె రాసి, మెడ మీదికి దిగి, నాలుగో రోజుకు భుజానికి చేరాను. ఆవిడకు తెలియక కాదు, ఊరుకున్నారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం పావుగంట నూనె, పది నిమిషాలు వేడి గుడ్డ, ఆ తర్వాత గోడకు వేళ్ళు పాకించడం, చేయి వేలాడేసి లోలకంలా ఊపడం. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. తాత గారు చెప్పినట్లు మాట్లాడకుండా ఉందామనుకున్నాను గానీ కుదరలేదు. ఆవిడే మాట్లాడుతున్నారు. పెళ్ళయిన కొత్తలో రోజుకు ఎన్ని చిలపల నూలు తీసేవారో, వాళ్ళ అమ్మ ఎలా పోయారో.

గంటస్తంభం | నవంబరు 27, ఉదయం 8.00

రెండు వారాలకే నూనెకు పూలదండ వేయకండి. ఈ జబ్బు దానంతట అదే కూడా తగ్గుతుందని కీలు బొమ్మ గారే రాశారు. చక్కెర మందు మార్చారు, వ్యాయామం ఉంది. ఏది ఎంత పని చేసిందో చెప్పలేం. అయినా మానమని కాదు. మా అమ్మకు నేనెప్పుడూ రాయలేదు, ఆ మాట వేరు.

కీలు బొమ్మ | నవంబరు 27, మధ్యాహ్నం 2.40

నిజమే, లెక్క విడదీయలేం. గోడ మీద గీతలకు తేదీలు కూడా వేయండి. నొప్పి మాట మనిషి మూడ్‌ను బట్టి మారుతుంది, గీత మారదు.

పొందూరు కోడలు | జనవరి 15, సాయంత్రం 4.20

పండుగ శుభాకాంక్షలు. మొదటి గీతకూ ఇప్పటి గీతకూ జానెడు పైన ఉంది. చేయి వెనక్కి ఇంకా పోదు, జడ ఇంకా నేనే వేస్తున్నాను. రాత్రి నిద్ర పడుతోంది. నిన్న భోగికి మనవడికి భోగిపళ్ళు కుడిచేత్తోనే పోశారు. వాడు పీట మీద కూర్చున్నాడు కనుక సరిపోయింది, నిలబడి ఉంటే కష్టమయ్యేది. మా ఆడపడుచు పక్కనే ఉంది, ఏమీ అనలేదు.

ఒక చిన్న సందేహం. రెండు నెలల నూనెతో ఆవిడ ఖాదీ రవికలు రెండింటికి భుజం దగ్గర మరకలు కట్టాయి. తన చేత్తో వడికిన నూలు కనుక పారేయనివ్వడం లేదు. సబ్బుతో పోవడం లేదు. ఎవరికైనా తెలుసా?

తాలింఖానా తాత | జనవరి 15, సాయంత్రం 6.10

మరక మీద పొడి శనగపిండి చల్లి రాత్రంతా ఉంచమ్మా. ఉదయం దులిపేసి, కుంకుడు రసంలో నానబెట్టు. బాదవద్దు, ఖాదీ చిరుగుతుంది.